బోర్డు చివర్న కొనండి: సర్వర్ కోసం చిన్న కంప్యూటర్ ఎంచుకోవడం

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ అన్నలు, అక్కలు దిద్దుతామన్నారు. ఇంకా మిగిలితే మీరే సర్దుకోండి.

"తెలుగు క్లబ్ పత్రికలో కంప్యూటర్ బోర్డుల గోలేందిరా?" అని మా ఫ్రెండ్ అడిగాడు. దానికి జవాబు చిన్నదే. మన క్లబ్ ఆడియో ఫైళ్లు 13 పోయాయి. పోగొట్టింది నేనే.

కొందరికి ఈ కథ తెలుసు. పోయిన సంక్రాంతి సెలవుల్లో అందరం ఎవరి ఊర్లో వాళ్లం పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చాం. సామెతలు, నాట్ల పాటలు, ఇప్పుడు ఎవరూ వాడని పదాలు. చాపాడు, మైదుకూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఊర్ల నుంచి మొత్తం 61 ఫైళ్లు. అన్నీ ఒకచోట పెట్టాలి, క్యాంపస్ వైఫైలో ఎవరైనా వినేలా ఉండాలి అనుకున్నాం. నేను సీఎస్‌ఈ కదా, పెద్ద మొనగాడిలాగా "సర్వర్ నేను పెడతా" అన్నాను. ఒక సీనియర్ అన్న దగ్గర ఖాళీగా పడున్న రాస్ప్‌బెర్రీ పై 3 తెచ్చా. డ్రాయర్లో ఉన్న ఫోన్ ఛార్జర్ పెట్టా. పాత ఫోన్లోంచి తీసిన మెమరీ కార్డు పెట్టా. రెండున్నర నెలలు బ్రహ్మాండంగా నడిచింది.

ఏప్రిల్లో ఒకరోజు గాలివాన వచ్చి కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. నాలుగోసారి తర్వాత బోర్డు లేవలేదు. కార్డును ల్యాప్‌టాప్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. 48 ఫైళ్లు వాళ్ల వాళ్ల ఫోన్లలో ఇంకా ఉన్నాయి కాబట్టి బతికాయి. మిగతా 13 మాత్రం "సర్వర్లో ఉందిలే" అని ఫోన్లోంచి తీసేసినవి. అందులో మా జేజి పాడిన పాట ఒకటి.

అప్పట్నుంచి మూడు నెలలు ఈ బోర్డుల గురించి చదివాను, అడిగాను, కొన్ని కొని చూశాను. తెలిసింది రాస్తున్నా. మినీ ప్రాజెక్టుకో, హాస్టల్ రూంలో సర్వర్‌కో బోర్డు కొనాలనుకునే జూనియర్లకు పనికొస్తుంది.

మొదటి ప్రశ్న: అసలు మీకు కంప్యూటర్ కావాలా?

సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అంటే ప్రాసెసర్, ర్యామ్, పోర్టులు అన్నీ ఒకే చిన్న పలక మీద ఉన్న పూర్తి కంప్యూటర్. లినక్స్ నడుస్తుంది. 2012 ఫిబ్రవరి 29న మొదటి రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. ధర 35 డాలర్లు, 256 ఎంబీ ర్యామ్, 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ వాళ్లు చేసింది అది. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని సర్వర్‌గా, రోబో మెదడుగా, ఫ్యాక్టరీ మెషిన్లలో కూడా వాడుతున్నారు.

ఆర్డుయినో ఊనో, ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై పికో ఈ జాతివి కావు. అవి మైక్రోకంట్రోలర్లు. ఊనోలో ర్యామ్ 2 కేబీ, పికోలో 264 కేబీ. పేరులో "పై" ఉంది కదా అని పికో కొని, అందులో లినక్స్ ఎక్కించాలని చూసినవాళ్లు మన క్లాసులోనే ఉన్నారు.

కానీ తక్కువ అంటే చెడ్డది కాదు. మన వైపు బాగా చేసే మినీ ప్రాజెక్టు తీసుకోండి: మట్టిలో తేమ చూసి బోరు మోటారు ఆన్ చేయడం. దీనికి పై ఎందుకు? పైలో అనలాగ్ పిన్నులే లేవు, తేమ సెన్సర్ పెట్టాలంటే ఇంకో చిప్పు కొనాలి. ఈఎస్‌పీ32లో అనలాగ్ పిన్నులు ఉన్నాయి, వైఫై ఉంది, ధర కొన్ని వందలే. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు పోయి వస్తే అది ఒక్క సెకన్లో లేచి తన పని తాను చేసుకుంటుంది. చెడిపోవడానికి అందులో లినక్స్ లాంటి పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. పొలం దగ్గర పెట్టే దేనికైనా నా ఓటు దానికే.

ఇంకో జాగ్రత్త. పై పిన్నులు 3.3 వోల్టులవి. ఊనోతో వాడిన 5 వోల్టుల సెన్సర్ అవుట్‌పుట్‌ను నేరుగా గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు.

కెమెరా, స్క్రీన్, పైథాన్ లైబ్రరీలు, ఫైళ్లు, వెబ్‌సైటు కావాలంటే అప్పుడు సింగిల్ బోర్డ్ కంప్యూటర్ దగ్గరికి రండి.

స్పీడు గురించి మనం ఎక్కువ ఆలోచిస్తాం

నా మొదటి తప్పు ఇక్కడే. సర్వర్ పోయిన రోజే "పై 3 పాతది, అందుకే పోయింది, పై 5 కొందాం" అన్నాను. తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే సిగ్గేసింది.

పై 3 నెట్‌వర్క్ పోర్టు 100 మెగాబిట్లు. 8తో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర ఎంబీ. మన ఆడియో ఫైళ్లు ఒక్కోటి 5 ఎంబీ లోపే. అంటే ఇద్దరు ముగ్గురు ఒకేసారి డౌన్‌లోడ్ చేసుకున్నా ఇబ్బంది లేదు. బోర్డు తప్పు ఏమీ లేదు. ఆ పై 3 ఈరోజుకీ నడుస్తోంది, ఎక్కడో చివర్లో చెప్తా.

ఏది దేనికి సరిపోతుందో చూద్దాం.

పై జీరో 2 డబ్ల్యూ: 512 ఎంబీ ర్యామ్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే, నెట్‌వర్క్ కేబుల్ పోర్టు లేదు. ప్రకటనలు ఆపే పై-హోల్, చిన్న కెమెరా లాంటి ఒంటి పనులకు చాలు.

పై 4: సర్వర్ దృష్టితో చూస్తే పెద్ద మార్పు వచ్చింది ఇక్కడే. ముందు మోడళ్లలో నెట్‌వర్క్, యూఎస్‌బీ రెండూ ఒకే యూఎస్‌బీ 2 దారిలో పోయేవి. చాపాడు రోడ్డు మీద బస్సు, ఎడ్లబండి ఒకదాని వెనక ఒకటి పోయినట్టు. పై 4లో గిగాబిట్ నెట్‌వర్క్‌కు వేరే దారి ఉంది, యూఎస్‌బీ 3 పోర్టులు రెండు ఉన్నాయి. బయట ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే దాని స్పీడు నిజంగా వాడుకోవచ్చు.

పై 5: 2023లో వచ్చింది. ప్రాసెసర్ చాలా ఫాస్ట్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కనెక్టర్‌తో ఎన్‌వీఎంఈ డిస్కు పెట్టుకోవచ్చు, పవర్ బటన్ కూడా ఉంది. డెస్క్‌టాప్‌లా వాడాలన్నా, చిన్న ఏఐ మోడళ్లు ఆడించాలన్నా బాగుంటుంది. కానీ దానికి 5 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ చెప్పారు. 3 ఆంపియర్లది పెడితే బోర్డు నడుస్తుంది గానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే వదులుతుంది. డిస్కు పెట్టాలనుకునేవాళ్లు ఇది చూసుకోకపోతే దెబ్బతింటారు.

ర్యామ్ విషయంలో: ఫైళ్లు, చిన్న వెబ్‌సైటు అయితే 1 జీబీ చాలు, 2 జీబీ హాయి. డేటాబేస్, డాకర్ కంటైనర్లు నాలుగైదు పెడతానంటే 4 జీబీ. 8 జీబీ ఎందుకో చెప్పలేకపోతే అది మీకు అక్కర్లేదని అర్థం. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. అందుకే కొనేముందు ఒక మెట్టు ఎక్కువ ఆలోచించండి, మూడు మెట్లు కాదు.

కాగితం మీద అందం, సాఫ్ట్‌వేర్‌లో కష్టం

ఆరెంజ్ పై, బనానా పై, రాడ్‌క్సా, ఓడ్రాయిడ్ లాంటి బోర్డులు చూస్తే నోరూరుతుంది. తక్కువ ధరకు ఎక్కువ కోర్లు, ఎక్కువ పోర్టులు. అవి చెడ్డవని అనను. ఓడ్రాయిడ్ మీద ఏళ్లకేళ్లు సర్వర్లు నడుపుతున్నవాళ్లు ఉన్నారు. కానీ కొనేముందు ఒక పని చేయండి: ఆ మోడల్‌కు తాజా ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్ ఎప్పుడు వచ్చిందో తేదీ చూడండి. ఆర్మ్‌బియన్ అనే లినక్స్ ఆ బోర్డును పూర్తిగా సపోర్ట్ చేస్తుందో లేదో చూడండి. బోర్డు కొత్తదే, కెర్నల్ పాతది అయితే సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

జెట్సన్ నానో దీనికి మంచి ఉదాహరణ. 2019లో 99 డాలర్లకు 128 కోర్ల జీపీయూతో వచ్చింది. కానీ దాని అధికారిక సాఫ్ట్‌వేర్ ఉబుంటు 18.04 దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తే మన సీనియర్లు ఎగబడుతున్నారు. కొత్త పైథాన్ లైబ్రరీలు ఎక్కించేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

మన దేశంలో చేసినవి లేవా అని అడుగుతారు. ఐఐటీ మద్రాసు వాళ్ల శక్తి, సీ-డాక్ వాళ్ల వేగా ప్రాసెసర్లు ఉన్నాయి. రెండూ రిస్క్-ఫైవ్ ఆర్కిటెక్చర్ మీద కట్టినవే. సీ-డాక్ ఏరీస్ బోర్డులు ఆర్డుయినో తరహావి. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ సబ్జెక్టు నచ్చినవాళ్లు తప్పకుండా ఒకటి పట్టుకుని చూడండి. ఫైల్ సర్వర్ పనికి మాత్రం అవి కావు.

కరెంటు: అసలు పరీక్ష

నా రెండో తప్పు ఫోన్ ఛార్జర్. "33 వాట్స్" అని రాసుంటే చాలనుకున్నా. ఫాస్ట్ ఛార్జర్లు ఆ 33 వాట్లు ఇచ్చేది ఫోనుతో మాట్లాడుకుని, ఎక్కువ వోల్టేజీ దగ్గర. 5 వోల్టుల దగ్గర చాలావాటికి 2 ఆంపియర్లు, 3 ఆంపియర్లే గతి. దానికితోడు సన్నటి, పొడుగాటి కేబుల్. ఛార్జర్ దగ్గర 5 వోల్టులున్నా బోర్డు దగ్గరికి వచ్చేసరికి పడిపోతుంది. 4.63 వోల్టుల కంటే తగ్గితే పై స్క్రీన్ మీద మెరుపు గుర్తు చూపిస్తుంది. సర్వర్‌కు స్క్రీన్ ఉండదు కాబట్టి మనకు కనపడదు. టెర్మినల్లో "వీసీజెన్‌కమాండ్"తో థ్రాటిల్డ్ స్థితి అడిగితే చెప్తుంది. సున్నా వస్తే క్షేమం. నేను రెండున్నర నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

కాబట్టి బోర్డుకు చెప్పిన అడాప్టరే కొనండి. అక్కడ మిగుల్చుకునే రెండు మూడు వందలు మనకొద్దు.

ఇక కరెంటు కోతలు. పై 4 మామూలు పనిలో సుమారు 5 వాట్లు తింటుంది. రోజుకు 120 వాట్-అవర్లు, నెలకు 3.6 యూనిట్లు. అదే పని 60 వాట్ల పాత డెస్క్‌టాప్‌తో చేస్తే నెలకు 43 యూనిట్లు దాటుతుంది. చిన్న బోర్డు అసలు లాభం ఇక్కడుంది. తక్కువ తింటుంది కాబట్టి బ్యాటరీ మీద ఎక్కువసేపు బతికించొచ్చు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 3.7 వోల్టుల లెక్కన 37 వాట్-అవర్లు ఉంటాయి. వృథా పోను 30 అనుకున్నా 6 గంటలు.

కానీ మామూలు పవర్ బ్యాంకును నమ్మకండి. చాలావాటిలో కరెంటు పోయిన క్షణం, వచ్చిన క్షణం అవుట్‌పుట్ ఒక్క రెప్పపాటు ఆగుతుంది. ఫోనుకు తెలియదు, పై మాత్రం రీస్టార్ట్ అవుతుంది. రౌటర్లకు అమ్మే మినీ యూపీఎస్‌లు ఆగకుండా ఇస్తాయి, అయితే ఎక్కువ వాటిలో అవుట్‌పుట్ 12 వోల్టులు. పైకి 12 వోల్టులు పెడితే పొగే. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అవుట్‌పుట్ అని రాసున్నదే వెతకండి.

ఇంకో చిన్న విషయం, దీనివల్ల ఒకరోజంతా తల గోక్కున్నా. పై 4, అంతకు ముందు మోడళ్లలో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు వచ్చాక ఇంటర్నెట్ లేకపోతే టైము తప్పుగా చూపిస్తుంది, కొత్త ఫైళ్లన్నీ పాత తేదీతో పడతాయి. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ పెడితే సరిపోతుంది. పై 5లో గడియారం లోపలే ఉంది, దాని బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి.

ఎండ

ఇంగ్లండ్‌లో చేసిన వీడియోల్లో ఈ భాగం ఉండదు. మన కడప జిల్లా మేలో 40 డిగ్రీలు దాటడం మామూలే. గది వేడి 40 ఉంటే చిప్ లెక్క అక్కడ మొదలవుతుంది. పై 4 చిప్ 80 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోడానికి స్పీడు తగ్గించుకుంటుంది. నేను కొత్తగా కొన్న బోర్డును గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టా. మధ్యాహ్నం రెండుకు 81 చూపించింది. పై 5 కొన్నా అక్కడ అది కూడా స్పీడు తగ్గించుకుంటుంది. డబ్బులు పెట్టి కొన్న స్పీడులో కొంత ఎండకు పోతుంది.

ఫ్యాను కంటే ముందు అల్యూమినియం కేసు చూడండి. బోర్డు చిప్‌కు ఆనుకుని కేసు మొత్తం వేడిని బయటికి పంపుతుంది. తిరిగే భాగం లేదు కాబట్టి మన దుమ్ముకు జామ్ అవ్వదు. నా బోర్డు అదే గదిలో, కిటికీకి దూరంగా, అల్యూమినియం కేసులో 62 దగ్గర ఆగింది.

అసలు దొంగ: మెమరీ కార్డు

13 ఫైళ్లను మింగింది ఇదే. ఫ్లాష్ మెమరీలో ఒక్క అక్షరం మార్చాలన్నా కార్డు లోపల ఒక పెద్ద బ్లాకు మొత్తం వేరేచోట రాసి, ఎక్కడ ఏముందో చెప్పే పట్టికను మార్చుకుంటుంది. సరిగ్గా ఆ పట్టిక రాసేటప్పుడు కరెంటు పోతే, ఫైళ్లు లోపలే ఉన్నా దారి చెప్పేవాళ్లుండరు. సర్వర్ ఎవరూ వాడనప్పుడు కూడా లాగ్ ఫైళ్లు రాస్తూనే ఉంటుంది. నాలుగుసార్లు కరెంటు పోయిందంటే నాలుగుసార్లు జూదం ఆడినట్టే.

మూడు జాగ్రత్తలు. ఒకటి, డేటా కార్డు మీద పెట్టకండి. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. పై 4, పై 5 నేరుగా ఎస్‌ఎస్‌డీ నుంచే బూట్ అవుతాయి. రెండు, కార్డు తప్పదంటే రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. అప్పుడు మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, కార్డు మీద రాత ఉండదు. మూడు, కొన్న కార్డు నకిలీదేమో మొదటిరోజే పరీక్షించండి. 64 జీబీ అని రాసి లోపల 8 జీబీ ఉండే కార్డులు దొరుకుతాయి. ఎఫ్3 అనే ఉచిత టూల్ కార్డు నిండా రాసి, తిరిగి చదివి నిజం చెప్తుంది.

వీటన్నిటికంటే పైన బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే ఊర్లో. ఇదేమీ కొత్త సంగతి కాదు. సి.పి. బ్రౌన్ దొర మన కడపలో బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టి, పాత తాళపత్రాలకు కొత్త ప్రతులు రాయించాడు. ఆయన చేసింది బ్యాకప్పే. కంప్యూటర్ సైన్స్ చదువుతూ నాకు ఆ బుద్ధి రాలేదు.

చివరికి ఏం కొన్నాం

పాత ల్యాప్‌టాప్ పెడదామని కూడా ఆలోచించాం. స్క్రీన్ పగిలినా బ్యాటరీ బాగుంటే అది యూపీఎస్‌తో వచ్చిన సర్వరే. మీ ఇంట్లో అలాంటిదుంటే ముందు దాన్నే వాడండి, పైసా ఖర్చు లేదు. మాకు దొరికిన దాంట్లో బ్యాటరీ చచ్చిపోయింది, అందుకే వదిలేశాం.

మేం తీసుకుంది పై 4, 2 జీబీ. దానికి చెప్పిన అడాప్టర్, అల్యూమినియం కేసు, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, మినీ యూపీఎస్. మొత్తం ఖర్చులో బోర్డుది సగం కూడా లేదు. కొనేముందు అందరూ బోర్డు ధరే చూస్తారు, నేనూ అంతే.

పై 4నే ఎందుకంటే స్పీడు కోసం కాదు. ఇంకో రెండేళ్లకు నేను ఈ కాలేజీలో ఉండను. అప్పుడు ఏదైనా పోతే ఎవరో ఒక జూనియర్ బాగు చెయ్యాలి. బోర్డు కాలిపోతే ఇంకో పై 4 తెచ్చి, ఇదే ఎస్‌ఎస్‌డీ గుచ్చితే అది లేస్తుంది. ఏ సమస్య వచ్చినా వెతికితే ఎవరో ఒకరు ముందే అడిగి ఉంటారు. అరుదైన బోర్డు కొనుంటే నాతోపాటే దాని విద్య కూడా పోతుంది. సెటప్ మొత్తం రెండు పేజీల్లో తెలుగులో రాసి, ప్రింట్ తీసి, కేసు పక్కనే అంటించా.

ఇప్పుడు అందులో మన 48 ఫైళ్లు, క్లబ్ పాత సంచికలు, కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తం ఉన్నాయి. 2003లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వమంతా ఒకే ఫైలుగా దొరుకుతుంది. క్యాంపస్‌లో ఇంటర్నెట్ లేని రోజు కూడా తెరుచుకుంటుంది. సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరవలేదు. క్యాంపస్ లోపలే, నెట్‌వర్క్ చూసే సార్‌ను అడిగి పెట్టాం. మీరు కూడా అడిగే పెట్టండి, పాస్‌వర్డ్ మాత్రం మీ పుట్టినరోజు పెట్టకండి.

మరి ఆ పాత పై 3? ప్రొద్దుటూరులో మా ఇంట్లో, మంచి అడాప్టర్‌తో, టీవీ వెనక కూర్చుని ఉంది. ప్రతి ఆదివారం నేను ఇంటికి పోయి కొత్త ఫైళ్లు అందులో కాపీ చేస్తా. వేరే ఊరి కాపీ అదే.

మా జేజిని మళ్లీ పాడమని అడిగా. "యాడ గుర్తుంటాది నాయనా, ఆ పొద్దు ఏదో వొచ్చినాది, పాడినా" అనింది. సగం పాడింది. రెండో చరణం మొదలుపెట్టి రెండుసార్లు ఆగిపోయింది. ఆ సగమే 49వ ఫైలు. మిగతా 12 ఇచ్చినవాళ్లు ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇంకోసారి అడిగి చూడండి. తెచ్చాక సర్వర్లో పెట్టండి, ఫోన్లోంచి మాత్రం తీసేయకండి.